సరాసరి చాటున దాగిన వ్యాధి

బుక్కరాయసముద్రము చెరువుకట్టమీద నడచి చూచినవారికెల్ల ఒక సంగతి తెల్లమగును. కట్ట యెంత పొడవైనను, తెగునపుడు ఒక్కచోటనే తెగును. తక్కిన కట్ట యంతయు కొండవలె నిలిచియుండగనే, ఎక్కడనో ఎలుకబొరియవంటి సన్నని రంధ్రమునుండి నీరు ఊట యూటగా దిగి, రాత్రికి రాత్రి ఊళ్లను ముంచును. అందుచేతనే మన పూర్వులు చెరువునకొక నీరుగంటిని నియమించిరి. కట్ట మొత్తముమీద బాగుగనే యున్నదని సంతోషించుట వాని పని కాదు. ఏ చోట తడి యూరుచున్నదో కనిపెట్టుట వాని పని. పదునాలుగవ శతాబ్దమున, మొదటి బుక్కరాయల కాలమున వెలసిన యీ చెరువు నేటికిని నిలిచియున్నదన్న, అది తడిచోటును వెదకిన కన్నుల పుణ్యము.

మన యనంతపురము సీమవారికి సరాసరి యను మాట యెంత మోసకారియో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఏటికి 550 మిల్లీమీటర్ల ప్రాంతమున వర్షము గల జిల్లా యని పుస్తకములు చెప్పును. కాని యా వాన వేరుసెనగ విత్తువేళకు కురిసెనా, కాయ యూరువేళకు కురిసెనా, ఈ యూర కురిసి పొరుగూరిని ఎండగట్టెనా యను ప్రశ్నలకు ఆ యంకె బదులు చెప్పదు. సరాసరి లెక్కను నమ్మి విత్తనము చల్లినవాడు అప్పులపాలయ్యెను. రోగముల లెక్కయు నిట్టిదే. దేశమున నూటికి ఇందఱని చెప్పు నొక యంకెను పట్టుకొని, భయములేదని పండుకొన్న ప్రభుత్వమును, ప్రజలును ఆ రైతువలెనే మోసపోవుదురు. ఈ వారము మేము హెపటైటిస్ సి యను కాలేయవ్యాధిని గూర్చి వ్రాయబూనుటకు కారణమిదియే.

కామెర్లనగా మన పల్లెలలో ఎఱుగనివారు లేరు. కన్నులు పచ్చబడగనే పసరుమందు మ్రింగించువారును, ముంజేతిమీద వాత పెట్టించువారును నేటికిని గలరు. కాని హెపటైటిస్ సి కన్నులు పచ్చబఱచి ముందుగా హెచ్చరించి వచ్చు వ్యాధి కాదు. కలుషితమైన నీటివలన వచ్చు ఎ, ఇ రకములవలె కొన్ని వారములు బాధించి విడుచునదియు కాదు. ఇది రక్తమునుండి రక్తమునకు మాత్రమే ప్రాకును. ప్రాకిన పిదప నూటికి డెబ్బదిమందికి చేరువగ శాశ్వతముగ నిలిచిపోవును. పదియేండ్లు, ఇరువదియేండ్లు కాలేయమును లోలోన తినివేయుచున్నను, రోగి పొలము దున్నుచునే యుండును, మూటలు మోయుచునే యుండును. నిలిచిన వ్యాధి గలవారిలో నూటికి పదునైదుగురు మొదలు ముప్పదిమంది వఱకు ఇరువదియేండ్లలో కాలేయము గట్టిపడి సిరోసిస్ పాలగుదురు. అందు కొందఱికి కాన్సరు పుట్టును. కడుపులో నీరు చేరి, రక్తము కక్కుకొన్న దినముననే ఇంటివారికి తెలియును. అప్పటికి కట్ట తెగినట్లే.

ఈ వైరసు కనబడిన కథయు నెఱుగదగినది. 1970 ప్రాంతముల అమెరికాలో హార్వే ఆల్టర్ యను వైద్యుడు, రక్తమెక్కించుకొన్న రోగులకు వచ్చు కామెర్లలో ఎక్కువభాగము ఎ రకమును గాదు, బి రకమును గాదని కనిపెట్టెను. దాని కారణమైన వైరసును 1989లో మైకేల్ హౌటన్ ప్రభృతులు కనుగొనిరి. ఆ వైరసు ఒక్కటియే వ్యాధిని కలిగింపగలదని చార్లెస్ రైస్ నిరూపించెను. 2020లో ఈ మువ్వురకు నోబెల్ బహుమానము లభించెను. శత్రువును చూడక మునుపు దానితో పోరాడుట చీకటిలో కఱ్ఱ త్రిప్పుటయే గదా! మన దేశమున దానమిచ్చిన ప్రతి రక్తపుసంచిని ఈ వైరసునకై పరీక్షింపవలెనను నిబంధన 2001లో వచ్చెను. అంతకు ముందు ఆపరేషనుకో, కాన్పుకో, ప్రమాదముచేతనో రక్తమెక్కించుకొన్నవారు మన యూళ్లలో నెందఱు లేరు? వారిలో తిరిగి పరీక్ష చేయించుకొన్నవారెందఱు?

ఇక లెక్కలలోనికి వత్తము. 2022వ సంవత్సరమునకు ప్రపంచారోగ్యసంస్థవారి యంచనా ప్రకారము ప్రపంచమున ఈ వ్యాధి నిలిచియున్నవారు 5 కోట్లమంది; ఆ ఏట దీనివలన చనిపోయినవారు 2,42,000 మంది; ఏటేట క్రొత్తగా తగుల్కొనువారు 10 లక్షలు. వీరిలో భారతీయులు 55 లక్షలు. ఇంకొక లెక్కయు గలదు. 2015-16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబారోగ్య సర్వేలో సేకరించిన రక్తమును పరీక్షించి, నూటికి 0.32 మందిలో ఈ వ్యాధి సోకిన గుర్తు గలదని తేల్చిరి. 140 కోట్ల జనమునకు దీనిని వర్తింపజేసినచో 45 లక్షలకు మించదు. అదియును గుర్తు గలవారి సంఖ్య. వైరసు సజీవముగ నున్నవారు అంతకును తక్కువ కావలెను. ఒక సాక్షి 55 లక్షలనుచున్నాడు, ఇంకొక సాక్షి 45 లక్షలును లేరనుచున్నాడు. ఇద్దఱు సాక్షులు భిన్నముగ పలికినపుడు న్యాయవాది చేయవలసినది ఒకరిని నమ్మి ఒకరిని త్రోసివేయుట కాదు, ఇద్దఱిని ఎదురుప్రశ్నించుట.

మేము అడుగు మొదటి ప్రశ్న యిది: అయ్యా, మీరు ఎవరి యింటికి పోయితిరి? కుటుంబసర్వే యనగా ఇల్లున్నవారి సర్వే. చెఱసాలలోనున్నవాడు, రైలుస్టేషనులో పండుకొనువాడు, మత్తుసూదికి దాసుడై యిల్లు విడిచినవాడు దానికి దొరకడు. ఈ వ్యాధి దట్టముగ నుండునది అట్టివారిలోనే. రెండవ ప్రశ్న: నూటికి మూడవవంతు మనిషి యని మీరు చెప్పునది అన్ని వర్గములలోను సమానముగ పంచబడియున్నదా? ఈ ప్రశ్నకు మన దేశపు పరిశీలనలే బదులు చెప్పుచున్నవి. 2018లో ప్రకటితమైన యొక పరిశీలన పంజాబులో నూటికి 3.6 మందిలో ఈ గుర్తును కనుగొనెను. దేశపు సరాసరికి పదిరెట్లు మించినమాట! ఆ రాష్ట్రము 2016లోనే తన రోగులకు ఉచితచికిత్స నారంభింపవలసివచ్చెనన్న ఆశ్చర్యమేమి?

వర్గములవారీగ చూచినచో భేద మింకను స్ఫుటమగును. తలసీమియా బిడ్డలు పసితనము మొదలు రెండుమూడు వారముల కొకమారు పరుల రక్తముతో బ్రదుకువారు. వారిలో ఈ వ్యాధి సామాన్యజనులకంటె పలురెట్లు అధికమని దేశమున పెక్కుచోట్ల తేలినది. మూత్రపిండములు చెడి వారమునకు రెండుమూడు పర్యాయములు డయాలిసిస్ యంత్రమునకు తమ రక్తమును అప్పగించువారి సంగతియు నట్టిదే. శ్రీకాకుళపు ఉద్దానమువంటి చోట్ల ఆ యంత్రములపై నాధారపడినవారి సంఖ్యను తలచుకొన్న, ఈ మాటకుగల బరువు తెలియగలదు. మత్తుమందును సూదితో నెక్కించుకొనువారిలో, ప్రపంచము మొత్తముమీద, దాదాపు సగముమందికి ఈ గుర్తు గలదు. ఆసుపత్రులలో సూదిపోటు తగులు దాదులు, రక్తపుగుడ్డలు నుతుకువారు, చెత్తబుట్టలలో సూదులనేరు పాకీపనివారు ఇంకొక వర్గము.

హెచ్ఐవి సోకినవారి విషయమున మఱియొక వింత గలదు. మణిపురము వంటి ఈశాన్యసీమలలో హెచ్ఐవి వచ్చిన దారి మత్తుసూది. అందుచేత అచట హెచ్ఐవి గలవారిలో బహుళముగ హెపటైటిస్ సి యు గలదు. మన తెలుగునాట హెచ్ఐవి వచ్చిన దారి ప్రధానముగ దాంపత్యసంబంధము, లైంగికసంబంధము. ఆ దారిని హెపటైటిస్ సి అరుదుగ నడచును. అందుచేత మనవారిలో రెండును కలిసియుండుట తక్కువ. రోగము పేరొక్కటియే, వర్గము పేరును ఒక్కటియే. అయినను దారి వేఱైనందున ఫలితము వేఱయ్యెను. వర్గముల పేర్లు వల్లించుట చాలదు, ఆ వర్గమున రక్తము రక్తముతో నెట్లు కలియుచున్నదో చూడవలెనని దీనివలన నేర్వవలసియున్నది.

ఆంధ్రదేశమున ఈ పని జరుగలేదని చెప్పుట అన్యాయము. హైదరాబాదులోని దక్కను వైద్యకళాశాలకు చెందిన కాలేయపరిశోధన కేంద్రమువారు ఈ శతాబ్దపు తొలియేండ్లలోనే సామాన్యజనులను, రక్తదాతలను, అపాయమున కెక్కువ లోనగువారిని, గిరిజనులను వేఱువేఱుగ పరీక్షించి, వారిలోని వైరసు రకములను గూడ గుర్తించిరి. మా జిల్లాలో 1969 మొదలు విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్మెంట్ ట్రస్టువారి బత్తలపల్లి యాసుపత్రి, 2022 జిల్లాల విభజనతో నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది, పేదరోగులకు చేయు చికిత్సతోబాటు రోగముల లెక్కను ప్రకటించుటయందును పేరు గడించినది. ఇట్టి దీపములు కలవు. కాని దీపములు కొన్ని, చీకటి విశాలము. తక్కిన మండలములలో ఏ వర్గమున నెందఱో చెప్పు పుస్తకము సామాన్యుని చేతికందునట్లు ఎచటను లేదు.

ఇప్పుడు వైరసు రకముల సంగతి. హెపటైటిస్ సి వైరసు ఒకటి కాదు. ఎనిమిది జీనోటైపులు, వానికి తొంబదికి మించిన యుపరకములు నేటివఱకు గుర్తింపబడినవి. ఒక జీనోటైపునకును ఇంకొకదానికిని జన్యులిపిలో నూటికి ముప్పది పాళ్లకు పైగ భేదముండును. ప్రపంచమున నెక్కువ వ్యాపించినది మొదటి రకము, తరువాతిది మూడవది. మన దేశపు టుత్తరభాగమున మూడవ రకము ప్రబలము. దక్షిణమున మూడవదానితోబాటు మొదటిదియు చెప్పుకోదగినంత కలదు. హైదరాబాదు పరిశోధకులు చూచినవియు ప్రధానముగ ఈ రెండే. ఈశాన్యసీమల మత్తుసూది వర్గములలో ఆఱవ రకము కనబడును. అది బర్మా మొదలగు తూర్పుదేశములతో చుట్టరికము గలది. నాలుగవది ఈజిప్టుది, అయిదవది దక్షిణాఫ్రికాది. ఎనిమిదవ రకమును 2018లో కెనడాలో నలుగురు రోగులయందు కనుగొనిరి. ఆ నలుగురును మన పంజాబునుండి వలసపోయినవారు. ఊరు విడిచి సముద్రములు దాటినను, ఊరి రక్తము సాక్ష్యము పలికినది.

రకములనగా కేవలము పండితుల వినోదము కాదు, అవి దస్తావేజులవంటివి. వైరసు ఎచటినుండి, ఏ కాలమున, ఏ చేతిమీదుగ వచ్చెనో వానియందు వ్రాసియుండును. ఈజిప్టు కథ దీనికి నిదర్శనము. నైలునది కాలువలలో దిగి సేద్యము చేయు రైతులకు బిల్హార్జియా యను పురుగువ్యాధి పట్టుచుండగా, 1950 ప్రాంతమునుండి 1980 ప్రాంతము వఱకు అచటి ప్రభుత్వము ఊరూర సూదిమందు లిప్పించెను. ఉద్దేశము మంచిది, కాని సూదులను, సిరంజీలను సరిగ మరిగింపక ఒకరి వెనుక నొకరికి గ్రుచ్చిరి. పురుగు చచ్చెను, వైరసు వ్యాపించెను. 2008లో పరీక్షింపగా పదునైదు మొదలు ఏబదితొమ్మిదేండ్ల వయసువారిలో నూటికి 14.7 మందికి ఈ గుర్తు కనబడెను. వారిలో నొకే నాలుగవ రకము దట్టముగ నుండుటయు, ఆ సూదులు వేయించుకొన్న తరమువారిలో నది హెచ్చుగ నుండుటయు కారణమును పట్టియిచ్చినవి. పరోపకారమునకై యెత్తిన సూదియే పగవాని బాణమయ్యెను!

అయినను ఆ దేశము సిగ్గుపడి మూలగూర్చుండలేదు. 2018 అక్టోబరు మొదలు ఏడుమాసములలో సుమారు 5 కోట్ల పెద్దలను పరీక్షించి, రోగము గలవారికి సర్కారు ఖర్చున మందిచ్చెను. 2023లో ప్రపంచారోగ్యసంస్థ ఆ దేశపు కృషిని మెచ్చి, హెపటైటిస్ సి నిర్మూలనమార్గమున అగ్రశ్రేణి గుర్తింపు నిచ్చెను. అట్టి గుర్తింపు పొందిన మొదటి దేశమదియే. తన తప్పును తానే లెక్కించుకొనుటకు వెఱవని ప్రభుత్వము గెలిచెనని దీని సారాంశము.

ఇచట కొందఱు బుద్ధిమంతులు మాకొక యాక్షేపణ చెప్పుదురు. నేటి మందులు అన్ని జీనోటైపులకును పనిచేయుచుండగా రకముల లెక్కయేల, వర్గముల లెక్కయేల, వచ్చినవానికి మందిచ్చిన చాలదా యని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. ఒక్క రోగికి చికిత్స మొదలిడుటకు రకముతో బనిలేదన్నమాట నిజము. మేమును రకము తెలియువఱకు మందాపవలెనని చెప్పము. కాని వచ్చినవానికి మందిచ్చుట వైద్యము. రానివానిని వెదకుట ప్రజారోగ్యము. లక్షణములు లేని వ్యాధి గలవాడు తనంతట తానేల వచ్చును? వానిని వెదకవలెనన్న ఏ వర్గమున దట్టముగ నున్నదో తెలియవలెను. ఇక రకము సంగతి. మూడవ రకము సోకి కాలేయము గట్టిపడినవారియందు మందు కొంచెము మందగించునని తెలిసినది. కొన్ని యరుదైన యుపరకములు మందులను ధిక్కరించును. ఒక డయాలిసిస్ గదిలోని పలువురికి ఒక్కసారి వ్యాధి వచ్చినపుడు, అది ఆ గదిలోనే ప్రాకెనా, వారు వారి యిండ్లనుండియే తెచ్చుకొనిరా యని తీర్పు చెప్పుటకు రకమును ఒక ముఖ్యమైన సాక్షి. ఈ వ్యాధికి నేటివఱకు టీకా లేదు. అది వచ్చుదినమున అన్ని రకములకు పనికివచ్చునట్లు చేయుటకును ఈ యెఱుకయే పునాది.

మందుల ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట గర్వముతో చెప్పవలసియున్నది. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్బువిర్ యను మాత్రకు అనుమతి లభించినపుడు ఒక్కొక్క మాత్ర వెల వేయి డాలర్లు; పండ్రెండు వారముల చికిత్సకు 84,000 డాలర్లు. మన కూలివాడు ఏడేడు జన్మలు కష్టించినను కొనజాలని వెల! 2014 సెప్టెంబరులో ఆ కంపెనీ మన దేశపు ఏడు కంపెనీలకు తయారీహక్కు నిచ్చెను; అందు హైదరాబాదు హెటెరో యొకటి. పేటెంటునే ప్రశ్నించుచు పోరాడిన హైదరాబాదు నాట్కో 2015లో చేరెను. నాటి మార్చినెలలో ఆ కంపెనీ నెలసరి డబ్బా వెలను ఇరువదివేల రూపాయల ప్రాంతమున నిలిపినది. పోటీ పెరిగినకొలది వెల యింకను దిగినది. 2018 జూలై 28వ తేదిన కేంద్రప్రభుత్వము జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించి, పరీక్షయు మందును ఉచితముగ నిచ్చుటకు పూనుకొన్నది. సామాన్యరోగికి సోఫోస్బువిర్, డక్లాటాస్విర్ మాత్రలు దినమునకు ఒక్కొక్కటి, 84 దినములు. నూటికి తొంబదియైదుగురు పూర్తిగ నయమగుదురు. మందు తెలుగువారి చేతులమీదుగ తయారగుచున్నది, లోకమునకెల్ల పోవుచున్నది. అట్టిది పక్కవీధి రోగి కందకపోవుట కంటె మనకు తలవంపు వేఱేమున్నది?

అందని కారణము మందు కొఱత కాదు, మాట కొఱత. మా యాఫీసునకు వచ్చిన యొక కక్షిదారు సంగతి చెప్పెదము. ఊరు, పేరు చెప్పము. అనంతపురమున నొక భోజనశాలలో వంటవాడు. చెల్లెలి యాపరేషనుకు రక్తమిచ్చుటకు పోగా, నీ రక్తము పనికిరాదు, సి గుర్తున్నదని చెప్పి పంపిరి. అది యేమో, ఎక్కడికి పోవలెనో చెప్పినవారు లేరు. మాట యింటికి వచ్చులోపల ఊరికి పాకినది. యజమాని పనినుండి తీసివేసెను. ఇంట గ్లాసు వేఱు పెట్టిరి. భార్య బిడ్డలను తీసికొని పుట్టింటికి పోయెను. ఆతడు మాయొద్దకు వచ్చి, యజమానికి నోటీసివ్వుడని కన్నీళ్లు పెట్టుకొనెను. ఎన్నడైన రక్తమెక్కించుకొంటివా యని యడిగితిమి; లేదనెను. ఒళ్లునొప్పులకు ప్రతివారము సూది వేయించుకొనుట పదియేండ్ల యలవాటనెను.

నోటీసుకు ముందు రెండవ పరీక్ష చేయించుకొనుమని పంపితిమి. మొదటి పరీక్ష వైరసు ఎప్పుడో వచ్చినదని మాత్రమే చెప్పును. అది నేడున్నదో లేదో చెప్పునది ఆర్ఎన్ఏ పరీక్ష. వైరసు ఉన్నట్లే తేలినది. పండ్రెండు వారములు మాత్రలు మ్రింగెను. మఱి పండ్రెండు వారములకు తిరిగి చూడగా వైరసు లేదు. మనిషి బాగుపడెను. కాని పని తిరిగి రాలేదు. వైరసు పోయినను మొదటి పరీక్షలోని గుర్తు సాధారణముగ జీవితాంతము నిలిచియుండును గనుక, ఎచట పరీక్షించినను సి గుర్తున్నదనియే చెప్పుదురు. రోగము పోయినది, పేరు పోలేదు. హెచ్ఐవి గలవానిని పనినుండి తీసివేయరాదని 2017లో పార్లమెంటు చట్టము చేసినది. హెపటైటిస్ గలవానికి అట్టి ప్రత్యేక చట్టపురక్షణ లేదు. ఆ నోటీసు మే మిచ్చితిమి. ధర్మము బలముగ నుండియు చట్టము బలము చాలని నోటీసది.

ఈ వ్యాధి కూడ తినుటవలన రాదు. వండి పెట్టుటవలన రాదు. ఒకే గ్లాసున నీరు త్రాగుటవలన, చేయి పట్టుకొనుటవలన, బిడ్డకు పాలిచ్చుటవలన రాదు. ఒకరికి గ్రుచ్చిన సూది మఱియొకరికి గ్రుచ్చుటవలన, పరీక్షింపని రక్తమువలన, శుద్ధిచేయని పంటిపనిముట్లవలన, తిరునాళ్లలో ఒకే సూదితో పదుగురికి పొడుచు పచ్చబొట్లవలన, ఒకే కత్తితో పలువురకు చేయు క్షౌరమువలన రాగలదు. రోగగ్రస్తురాలైన తల్లినుండి పుట్టుకలో బిడ్డకు నూటికి అయిదాఱుగురికి వచ్చును. అనగా గ్లాసు వేఱు పెట్టినవారు జాగ్రత్తపడవలసిన చోటును విడిచి, పడనక్కఱలేని చోట జాగ్రత్తపడిరన్నమాట.

సూదిమీద మన జనమునకుగల మోజును గూర్చి నిష్ఠురముగ మాటాడక తప్పదు. సూది వేయనివాడు వైద్యుడే కాడని మన పల్లెల నమ్మకము. నాగలి పట్టి నడుము విఱిగినవాడు, కరవుపనిలో మట్టి మోసినవాడు, సాయంకాలమున ఆర్.ఎం.పి. యొద్దకు పోయి సూది వేయించుకొని, వీలైన గ్లూకోజు సీసా ఎక్కించుకొని, మఱునాడు పనిలోనికి దిగును. వానిని నిందింపము, ఒక దినము పండుకొన్న ఆ దినపుకూలి పోవును. కాని ఈ శతాబ్దపు తొలియేండ్లలో దేశమంతట జరిగిన యొక పరిశీలన మన సూదిమందులలో మూడింట రెండువంతులకు చేరువ సురక్షితములు కావని తేల్చినది. 2009లో గుజరాతులోని మొడాసా ప్రాంతమున వాడిన సిరంజీలనే మరల వాడినందున హెపటైటిస్ బి విజృంభించి ఎందఱో చనిపోయిరి. 2014లో కాంబోడియాలోని రోకా గ్రామమున అనుమతిలేని యొక వైద్యుని సూదులవలన ఇన్నూఱుమందికి పైగ హెచ్ఐవి సోకినది. వారిలో పెక్కుమందికి హెపటైటిస్ సి యు నుండెను. ఇట్టిది మన యూర జరుగదని పూచీపడువారెవరు?

కావున మేము కోరునవి ఇవి. జిల్లా వైద్యాధికారులు రోగుల పేర్లు బయటపెట్టక, వర్గములవారీగ, మండలములవారీగ పరీక్షించినవారెందఱో, గుర్తు గలవారెందఱో, వైరసు గలవారెందఱో, మందు ముగించినవారెందఱో ఏటేట ప్రకటింపవలయును. రక్తపరీక్షలో గుర్తు కనబడిన రక్తదాతను వట్టిచేతులతో పంపక, రెండవ పరీక్షకు, చికిత్సకు దారి చూపు చీటి నిచ్చి పంపవలయును. డయాలిసిస్ గదులలో ఒక రోగినుండి మఱియొక రోగికి పోవునపుడు చేతితొడుగులు మార్చుట, యంత్రమును తుడిచి శుద్ధిచేయుట అలసటచేత మానరాదు. ఏ వర్గమున వ్యాధి విజృంభించినను, ఆ రోగుల వైరసు రకమును పరీక్షింపించి మూలము నన్వేషింపవలయును. హెపటైటిస్ గలవానిని, నయమైనవానిని, పనినుండి తొలగింపరాదని శాసనసభ చట్టము చేయవలయును.

వర్గములని మేమన్నపుడు ఒక హెచ్చరిక యవసరము. లెక్క వెలివేయుటకు గాదు, వెదకి దగ్గఱకు తీయుటకు. గిరిజనుడనియు, పాకీపనివాడనియు, మత్తుసూదివాడనియు వ్రేలు చూపుటకు ఈ యంకెలను వాడువారు రోగమును దాచిపెట్టించువారేగాని తగ్గించువారు కారు. అవమానమునకు వెఱచినవాడు పరీక్షకు రాడు. రానివాని రక్తము ఎవరి సూదిలోనికి పోవునో ఎవరికి తెలియును?

ఇక పఠనమందిరములలో కూర్చుండి ఈ పత్రికను చదువు పాఠకమహాశయులకు మా మనవి. 2001కి ముందు రక్తమెక్కించుకొన్నవారు, డయాలిసిస్ చేయించుకొనువారు, ఏండ్లతరబడి సూదులు వేయించుకొన్నవారు మీ యింట, మీ వీధిలో నుండినయెడల, వారిని ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోయి ఒక్కమాఱు పరీక్ష చేయింపుడు. ఇకమీద సూది తప్పనిసరియైనపుడు, క్రొత్త సిరంజి పొట్లమును మీ కన్నులయెదుట విప్పుమని యడుగుడు. అడిగినంతమాత్రమున వైద్యునికి కోపము వచ్చినయెడల, ఆ వైద్యుని విడుచుట మంచిది. చదువురాని మీ పొరుగువానికి ఈ నాలుగుమాటలు వానికి తెలియు భాషలో చెప్పుడు.

చెరువుకట్ట తెగనున్నపుడు ముసలమ్మ యను ఒక యింటి కోడలు ఊరికొఱకు తన్ను తాను బలియిచ్చుకొన్నదని బుక్కరాయసముద్రపు కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారి 'ముసలమ్మ మరణము' కావ్యముచే ఆ త్యాగము తెలుగునాట నెల్లరకు తెలిసినది. ఆ తల్లికి నమస్కరించుచునే మేము చెప్పునది యొక్కటి: నాడు గండిని ఆపు నుపాయము ఎఱుగక ఊరు ఒక ప్రాణమును బలిగొన్నది. నేడు గండి యెచటనో వెదకు పరీక్ష యున్నది, పూడ్చు మందున్నది, ఆ మందు మన దేశములోనే తయారగుచున్నది. ఇన్ని యుండియు, వెదకుటకు బద్ధకించి, ఏటేట ఎవరో తెలియని కూలివానిని, ఎవరో తెలియని తల్లిని ఈ కట్టలో పూడ్చుచున్నచో, అది త్యాగము కాదు, మన దోషము. నీరుగంటి దీపము పట్టుకొని లేవవలసిన వేళ యిది.